డెట్రాయిట్ పక్కన స్వీడన్ కారు

ట్రాయ్‌లో ఎవరి ఇంటి ముందు ఏ కారు ఆగి ఉందో చూస్తే చాలు, ఆ ఇంట్లోవాళ్ళు ఎక్కడ పనిచేస్తారో చెప్పెయ్యవచ్చు. డెట్రాయిట్ పక్క ఊరు కదా, సగం మందికి కార్ల కంపెనీలే అన్నం పెడతాయి. పెద్ద కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి తమ కంపెనీ కారు డిస్కౌంట్‌లో వస్తుంది, అందుకని ఇంటిల్లిపాదీ అదే నడుపుతారు. తెలుగువాళ్ళూ అంతే. ఏ పుట్టినరోజు పార్టీకో వెళితే, వీధి పొడవునా ఆగి ఉన్న కార్లను బట్టి లోపల ఎవరెవరు ఉన్నారో, ఎవరి పక్కన కూర్చుని ఏ కంపెనీని తిట్టకూడదో ముందే తెలిసిపోయేది. అలాంటి ఊళ్ళో నేను స్వీడన్ కారు కొన్నాను.

దానికి కారణం నా ఉద్యోగం. వరంగల్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఇక్కడ మాస్టర్స్ చేసి, కార్ల సీట్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరాను. సీటు లోపలి ఫోమ్ నా శాఖ. మనిషి కూర్చున్నప్పుడు అది ఎక్కడ ఎంత దిగాలి, లేచాక ఎంత త్వరగా మళ్ళీ పైకి రావాలి అని చూడటం నా పని. మా అమ్మకి ఎంత వివరించినా లాభం లేకపోయింది. "మా పిల్ల అమెరికాల పరుపులు కుడుతున్నది" అని చుట్టాలందరికీ చెప్పేది.

ఒకరోజు మా ల్యాబ్‌కి పాత కార్లలోంచి ఊడదీసిన సీట్లు కొన్ని వచ్చాయి. ఏళ్ళు గడిచాక ఏ సీటు ఎలా కుంగిందో పరీక్షించాలి. అందులో ఒకటి స్వీడన్ కారుది. బట్ట వెలిసిపోయింది, పక్క కుట్లు ఊడిపోయాయి. చూపుకి ఏమీ లేదు. కూర్చున్నాను. నా వీపు సంగతి దానికి ముందే ఎవరో చెప్పినట్టు, ఎక్కడ పట్టుకోవాలో అక్కడ పట్టుకుంది. కాసేపటికి మా టీమ్ లీడ్ వచ్చి, "టెస్ట్ ఇంకా అవలేదా?" అని అడిగాడు. టెస్ట్ ఎప్పుడో అయిపోయింది. నేనే లేవలేదు.

ఆ సీటున్న కారు కోసం వెతకడం మొదలుపెట్టాను. అది 2003. అప్పటికి నాకూ మావారికీ ఇంకా పెళ్ళి కాలేదు కానీ, కాబోతోందని స్నేహితులందరికీ తెలుసు. ఆయన గుంటూరువాడు, యూనివర్సిటీలో నా సీనియర్, ఇక్కడి పెద్ద కంపెనీల్లో ఒకదాంట్లో బ్రేకుల ఇంజనీరు. తన కంపెనీ కారు తప్ప ఇంకోటి ఎక్కితే పాపం తగులుతుందన్నట్టు ఉండేవాడు. లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఒక పాత స్వీడన్ కారు అమ్మకానికి ఉందని చూసి, "ఒక్కసారి చూసొద్దాం రా" అని బతిమాలి తీసుకెళ్ళాను.

అమ్మే ఆవిడ రిటైరైన మ్యూజిక్ టీచరు. తెల్లటి జుట్టు, నడుం మీద చెయ్యి, మాటలో ఇంకా క్లాసు తీసుకుంటున్నట్టుండే నిదానం. కారు ముదురు ఆకుపచ్చది. ముందునుంచి చూస్తే కప్పలా ఉంది, పక్కనుంచి చూస్తే ఎవరో విప్పి పడేసిన బూటులా ఉంది. ఆవిడ తాళం చెవి నా చేతిలో పెట్టి, "స్టార్ట్ చేసి చూడండి" అని పక్కకి తప్పుకుంది.

కూర్చున్నాను. సీటు అదే. సంతోషంగా తాళం పెట్టబోతే, పెట్టడానికి చోటు లేదు. స్టీరింగ్‌కి కుడిపక్క తడిమాను, ఎడమపక్క తడిమాను. డ్యాష్‌బోర్డు అంతా వెతికాను. పక్క సీట్లో కూర్చున్న మావాడు కూడా వంగి వెతకడం మొదలుపెట్టాడు. ఇద్దరం మెకానికల్ ఇంజనీర్లం, ఇద్దరం కార్ల పరిశ్రమలోనే జీతం తీసుకుంటున్నాం, తాళం ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. ఆవిడ బయట నిలబడి చూస్తోంది. సాయం చేద్దామన్న తొందర ఆవిడ ముఖంలో ఏ కోశానా లేదు. చివరికి కిటికీలోంచి తల లోపలికి పెట్టి, "మీరు వెతుకుతున్నది మీ ఇద్దరి మధ్యే ఉంది" అంది. పెళ్ళి మంత్రం చదివినంత గంభీరంగా.

నిజంగానే రెండు సీట్ల మధ్య, గేరు రాడ్ వెనక, నేల దగ్గర ఉంది. అక్కడ తాళం పెట్టి తిప్పాలి. తీసేటప్పుడు రివర్స్ గేరులో వేస్తేనే తాళం బయటికి వస్తుంది, లేకపోతే రాదు. ఎందుకలా అని అడిగాడు మావాడు. "వాళ్ళకి అలా బాగుందనిపించింది" అంది ఆవిడ.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా గొడవే.

"ఇంత ఊళ్ళో ఇన్ని కార్లుంటే నీకు ఇదే దొరికిందా? నా డిస్కౌంట్ మొత్తం వేస్ట్."

"నీ డిస్కౌంట్ నువ్వే పెట్టుకో. నాకు ఆ సీట్ కావాలె."

"సీట్ కోసం ఎవరన్నా కార్ కొంటారా?"

"నేను కొంటున్న గద!"

కొన్నాను. రెండేళ్ళ తర్వాత పెళ్ళి కూడా చేసుకున్నాం. ఆయన కారు గరాజ్‌లో, నా కారు బయట. అది ఆయన పెట్టిన షరతు.

ఆ ఆకుపచ్చ కారు మా పరువు తీసిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఒక స్నేహితుడి పెళ్ళి రిసెప్షన్‌కి పెద్ద హోటల్‌కి వెళ్ళాం. గుమ్మం ముందు కారు ఆపి తాళం ఇస్తే, అక్కడి మనుషులే తీసుకెళ్ళి పార్క్ చేస్తారు. నేను తాళం ఇచ్చి, పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ నాలుగు మెట్లు ఎక్కానో లేదో, వెనక హారన్లు మొదలయ్యాయి. తిరిగి చూస్తే మా కారు ఉన్నచోటే ఉంది. పార్కింగ్ మనిషి తల స్టీరింగ్ కింద ఉంది, కాళ్ళు బయట ఉన్నాయి. వెనక వరసగా నగలు పెట్టుకున్న కుటుంబాలు. మావాడు నా చెయ్యి పట్టుకుని, "వెనక్కి చూడకు, మనది కాదన్నట్టు లోపలికి నడువ్" అన్నాడు. నేను దిగివెళ్ళి తాళం పెట్టే చోటు చూపించి వచ్చాను. భోజనాల దగ్గరికి ఇంకో మనిషి వచ్చి, "ఆకుపచ్చ కారు ఎవరిదండీ? తాళం బయటికి రావడం లేదు" అని మైకులో చెప్పినంత గట్టిగా అడిగాడు. రివర్స్ గేరు సంగతి చెప్పడం మర్చిపోయాను.

ఇంకోసారి ఆయన కారు రిపేరుకి వెళ్ళి, వారంపాటు నా కారు తీసుకెళ్ళాల్సి వచ్చింది. వాళ్ళ కంపెనీలో ఒక నియమం ఉండేది. సొంత కంపెనీ కార్లకే దగ్గర పార్కింగు. బయటివాళ్ళ కార్లయితే కంచె అవతల, చిట్టచివర ఆపుకుని నడిచి రావాలి. అది ఫిబ్రవరి. మొదటిరోజు ఆయన మఫ్లర్ ముక్కుదాకా చుట్టుకుని, ఎవరూ చూడకుండా కంచె అవతలికి వెళ్ళి కారు ఆపాడట. దిగి తలుపు వేస్తుంటే పక్కనే ఒక జపాన్ కారులోంచి ఆయన డైరెక్టరు దిగాడు. భార్య కారట. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ నేల మీది మంచు చూసుకుంటూ, మధ్యలో చాలా దూరం ఉంచుకుని, ఆఫీసుదాకా నడిచారు. ఆ విషయం ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు. ఆ ఏడాది అప్రైజల్‌లో ఆయనకి మంచి రేటింగే వచ్చింది. నా కారు పుణ్యమేనని నేను ఇప్పటికీ అంటాను.

మాకు పాప పుట్టిన మరుసటి ఏడు, 2008లో, మా అత్తగారు మొదటిసారి వచ్చారు. చలి మొదలయ్యే రోజులు. ఎయిర్‌పోర్ట్‌కి నా కారులోనే వెళ్ళాం. పాప సీటు వెనక బిగించి ఉంది కాబట్టి ఆయన వెనక కూర్చున్నాడు, అత్తగారిని ముందు కూర్చోబెట్టాం. అంత దూరం విమానంలో కూర్చుని వచ్చారేమో, నడుం పట్టేసి వంగిపోయి నడుస్తున్నారు. ఫ్రీవే ఎక్కాక కాసేపు బాగానే ఉన్నారు. తర్వాత ఇటు జరిగారు, అటు జరిగారు.

"అమ్మాయ్, కారు ఆపు."

"ఏమైంది అత్తయ్యా?"

"ఆపమంటన్నానా? కింద ఏదో అంటుకుంది!"

వెనకనుంచి ఆయన, "అంటుకోలేదమ్మా, హీటెడ్ సీట్ అది. చలికి దానంతటదే వేడెక్కుద్ది" అన్నాడు.

"సీటు కింద పొయ్యి పెట్టారా?"

"పొయ్యి కాదు, కరెంటు."

అత్తగారు సీటుని చేత్తో తడిమి చూశారు. మెల్లిగా వెనక్కి ఆనుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. ఇంటి ఎగ్జిట్ దగ్గర పడుతోందని ఆయన చెప్పగానే కళ్ళు తెరిచి, "నడుముకి కాపడం పెట్టినట్టుందే అమ్మాయ్. ఇంకాస్త చుట్టూ తిప్పి తీసుకెళ్ళరాదూ" అన్నారు. కొత్తగా అమెరికా చూడ్డానికి వచ్చిన మనిషిని ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా ఊరి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేయించి ఇంటికి తెచ్చాం. ఆవిడ బయటికి ఒక్కసారి కూడా చూడలేదు.

మర్నాటినుంచి ఆవిడకి అదే ఆసుపత్రి. పొద్దున్నే నేను కారు స్టార్ట్ చేసి, గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి రావాలి. ఆవిడ శాలువా కప్పుకుని, స్టీలు గిన్నె, కత్తిపీటకి బదులు ఒక చిన్న చాకు, బీన్సు కాయలు తీసుకుని వెళ్ళి కూర్చునేవారు. కూర తరగడం అయ్యేసరికి నడుం నొప్పి తగ్గేది. ఇంట్లోకి నిటారుగా నడిచొచ్చేవారు. "మీ అబ్బాయి కార్ల కూడ హీటర్ ఉంది కదా అత్తయ్యా" అంటే, "వాడి కారు సీటు బల్లలాగుంది" అనేవారు. ఆయనకి కోపం వచ్చేది. ఆ కంపెనీ సీట్ల మీద నాకున్న అభిప్రాయం కూడా అదేనని నేను ఎప్పుడూ బయటపెట్టలేదు.

ఒక ఆదివారం మేం లేవడం ఆలస్యమైంది. అత్తగారు ఎదురుచూసి, చూసి, తాళం చెవి తీసుకుని తనే వెళ్ళారు. తాళం పెట్టే చోటు సీట్ల మధ్యే కదా, పక్క సీట్లో కూర్చునే తిప్పేశారు. కారు రివర్స్ గేరులో ఉంది. బెదిరిన గేదెలా ఒక్క గెంతు వెనక్కి వేసి ఆగిపోయింది. బీన్సు ముక్కలు డ్యాష్‌బోర్డు మీదికి ఎగిరాయి. అత్తగారు లోపలికి వచ్చి, పక్క మీద కూర్చుని కళ్ళు నలుపుకుంటున్న కొడుకుతో, "మీ ఆవిడ కారు నన్ను తన్నింది" అన్నారు. ఆ తర్వాత తాళం జోలికి పోలేదు.

జనవరిలో పెద్ద మంచు పడ్డాక నేను ఒకరోజు ఇంటినుంచే పనిచేస్తున్నాను. ఎప్పటిలాగే కారు స్టార్ట్ చేసి అత్తగారిని కూర్చోబెట్టి, స్నానానికి వెళ్ళాను. బయటికి వచ్చి కిటికీలోంచి చూస్తే, మా డ్రైవ్‌వే మొదట్లో పోలీసు కారు. ఆరడుగుల పోలీసు మా ఆకుపచ్చ కారు అద్దం తడుతున్నాడు. తలకి తువ్వాలు చుట్టుకుని, మావాడి బూట్లు నా కాళ్ళకి తగిలించుకుని పరుగెత్తాను. అప్పటికి అక్కడ సంభాషణ చాలా దూరం వెళ్ళింది.

"మేడం, ఆర్ యూ ఓకే?"

"ఎస్, ఎస్. ఓకే."

"ఈజ్ దిస్ యువర్ కార్?"

"నో. కోడలు. డాటరిన్‌లా కార్."

"ఆర్ యూ డ్రైవింగ్ సమ్‌వేర్?"

"నో డ్రైవింగ్," అన్నారు అత్తగారు చాకు ఉన్న చెయ్యి అడ్డంగా ఊపుతూ. "ఓన్లీ సిట్టింగ్."

పోలీసు ఒకడుగు వెనక్కి వేశాడు. చాకుని చూశాడు, బీన్సుని చూశాడు, తువ్వాలుతో వస్తున్న నన్ను చూశాడు. జరిగింది ఏమిటంటే, ఎదురింటావిడ రోజూ కిటికీలోంచి చూస్తోందట. ఒక పెద్దావిడ గడ్డకట్టే చలిలో, రోజూ పొద్దున్నే, ఒంటరిగా కారులో కూర్చుంటోంది. ఇంట్లోకి రానివ్వడం లేదేమోనని భయపడి ఫోన్ చేసింది. పోలీసు నన్ను పక్కకి పిలిచి, చాలా మర్యాదగా, "ఇంట్లో మీ ఇద్దరి మధ్య అంతా సవ్యంగానే ఉందా? ఆవిడని ఎవరైనా బయటికి పంపారా?" అని అడిగాడు.

అత్తని ఇంట్లోంచి గెంటిన కోడలిగా మిషిగన్ పోలీసుల ముందు నిలబడతానని నేను కలలో కూడా అనుకోలేదు. అత్తగారికి ఇంగ్లీషు ఎంతవరకు అర్థమైందో తెలియదు కానీ, నా ముఖం మాత్రం అర్థమైంది. తలుపు తీసి, సగం దిగి, "షీ గుడ్," అన్నారు నన్ను చూపించి. తర్వాత సీటు మీద చరిచి, "కార్ గుడ్" అన్నారు. ఆవిడ నన్ను నోరారా మెచ్చుకోవడం అదే మొదటిసారి. పోలీసు సమక్షంలో, కారుతో సమానంగా.

అంతటితో ఆగలేదు. డ్రైవరు సీటు తట్టి చూపించి, "సిట్. బ్యాక్ పెయిన్. గుడ్" అన్నారు. పోలీసు నావైపు చూశాడు. నేను హీటెడ్ సీటు గురించి, నడుం నొప్పి గురించి, కాపడం గురించి చెప్పాను. అతను ఒక నిమిషం ఆలోచించాడు. రోజంతా పోలీసు కారులో కూర్చోవడమే కదా అతని పని కూడా. నడుముకున్న బెల్టు, తుపాకీ, వాకీటాకీ అన్నీ సర్దుకుంటూ మెల్లిగా లోపల దూరాడు. తలుపు మూసుకుంది. నేను మంచులో నిలబడి ఉన్నాను. ఆకుపచ్చ కారులో అత్తగారూ పోలీసూ పక్కపక్కన కూర్చుని ముందుకి చూస్తున్నారు. కాసేపటికి అతని భుజాలు కిందికి దిగాయి.

దిగేటప్పుడు, "ఇది ఏ కారు?" అని అడిగాడు. చెప్పాను. "స్వీడన్‌వాళ్ళకి తెలుసు" అని తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఎదురింటావిడ కేకు పట్టుకుని క్షమాపణ చెప్పడానికి వచ్చింది. ఆవిడకీ మోకాళ్ళ నొప్పులున్నాయి. అత్తగారు ఆవిడని కూడా కారులోకి తీసుకెళ్ళారు. ఆ చలికాలం మిగిలిన రోజుల్లో పొద్దున్న పూట మా కారులో ఇద్దరు ఉండేవారు. ఒకరిది తెలుగు, ఒకరిది ఇంగ్లీషు, ఇద్దరూ ఆపకుండా మాట్లాడుకునేవారు. బీన్సు మాత్రం త్వరగా తెగేవి.

అత్తగారు వెళ్ళిన కొద్దిరోజులకే ఆయన ఉద్యోగం పోయింది. మాంద్యం దెబ్బకి ఆ ఏడాది ఈ ఊళ్ళో ఎవరి ఉద్యోగం ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. ఆయన డిపార్ట్‌మెంట్ మొత్తాన్ని ఒకేరోజు పంపేశారు. హెచ్-వన్ ఉద్యోగ వీసా మీద ఉన్నవాడు నా వీసా మీద డిపెండెంట్ అయ్యాడు. ఆయన కారు లీజు గడువు కూడా అప్పుడే తీరి, దాన్ని తిరిగి ఇచ్చేశాం. ఇంట్లో ఆకుపచ్చ కారు ఒక్కటే మిగిలింది. పొద్దున్నే నన్ను ఆఫీస్‌లో, పాపని డేకేర్‌లో దింపి ఆయన ఇంటికి వెళ్ళేవాడు. మొదట్లో కారుని నడపడం కాదు, భరించేవాడు. ఎవరైనా ఫోన్ చేస్తే బయటికి వెళ్ళి మాట్లాడేవాడు. రాత్రి భోజనం దగ్గర అడిగినదానికే జవాబు చెప్పేవాడు.

ఒకరోజు సాయంత్రం నన్ను తీసుకెళ్ళడానికి వస్తే, చేతులు మోచేతులదాకా నల్లగా ఉన్నాయి.

"ఏమైంది?"

"హీటర్ బ్లోవర్ మోటర్ పోయింది. నేనే ఓపెన్ చేశా." చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "దీని బానెట్ చూశావా ఎప్పుడన్నా? ఉల్టా ఓపెన్ అవుద్ది. ముందుకి. చెయ్యి ఎక్కడికైనా హాయిగా పోద్ది. ఎంత బాగా ఆలోచించాడో వాడెవడో" అన్నాడు.

ఆ గొంతు నేను చాలా వారాలుగా వినలేదు. నాకు ఏడుపొచ్చినంత పనయింది, కానీ బ్లోవర్ మోటర్ గురించి ఏడిస్తే బాగుండదని ఊరుకున్నాను. "ఆరేండ్ల నుంచి నేను చెప్తున్నది గదే" అన్నాను.

అక్కడినుంచి మొదలైంది. రోజూ ఉద్యోగాల వేట అయ్యాక ఏదో ఒకటి విప్పేవాడు. అద్దం ఎత్తే మోటరు, తలుపు గడియ, చేసిందే మళ్ళీ చేసేవాడు. అలాంటి పాత కారు నడిపేవాళ్ళు దారిలో ఎదురైతే లైట్లు కొట్టి పలకరించుకుంటారని ఎక్కడో చదివి, ఇంట్లో కూర్చోలేక అలా తిరిగొచ్చి, "ఇవాళ ఇద్దరు కనపడ్డారు" అని చెప్పేవాడు, బంధువులు కనపడినట్టు. "నీ కారు" అనేవాడు, ఎప్పటినుంచో తెలియదు, "మన కారు" అంటున్నాడు. వేసవి దాటాక ఇంకో చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చి నాకు చెప్పిన మొదటి మాట జీతం గురించి కాదు. "అక్కడ పార్కింగ్‌కి రూల్ ఏమీ లేదు. ఏ కారైనా ఎక్కడైనా పెట్టుకోవచ్చు" అన్నాడు.

కొత్త ఉద్యోగంలో కుదురుకున్నాక ఒక శనివారం ఫోన్ చేశాడు.

"ఒక కార్ చూశాను."

"చూసినవా, తీస్కున్నవా?"

"జస్ట్ చూశాను. చూసి... ఇప్పుడు ఇంటికి తెస్తున్నాను."

ఇంకో స్వీడన్ కంపెనీది. తెల్లటి పాత స్టేషన్ వ్యాగన్. ఎక్కడా ఒక్క వంపు లేదు, అగ్గిపెట్టెకి చక్రాలు బిగించినట్టుంది. వెనక డిక్కీ తెరిచి, నేల మీది పలక ఎత్తి, ఏదో లాగాడు. లోపలినుంచి ఇద్దరు పిల్లలు పట్టే చిన్న సీటు లేచింది. అది వెనక్కి తిరిగి ఉంటుంది. అందులో కూర్చున్నవాళ్ళు వెనకొచ్చే కారుని చూస్తూ ప్రయాణం చేస్తారు. మా పాప దాన్ని చూసి కేక పెట్టింది.

ఆ సీటు మా పాపకి ఊళ్ళో ఎక్కడలేని పలుకుబడి తెచ్చింది. ఆదివారం తెలుగు క్లాసుకి చుట్టుపక్కల పిల్లల్ని మేమే దింపేవాళ్ళం. "ఆంటీ, టుడే నేను బ్యాక్‌వర్డ్ సీట్, ప్లీజ్! లాస్ట్ వీక్ వాడు కూచున్నాడు!" అని గోల. ఆ సీటు కావాలంటే తెలుగులోనే అడగాలని నేను నియమం పెట్టాను. క్లాసులో నేర్చుకున్న తెలుగు కన్నా డిక్కీ ఎక్కడానికి నేర్చుకున్న తెలుగే ఎక్కువ.

ఈలోగా ఆకుపచ్చ కారు ముసలిదైపోతూ వచ్చింది. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడింది. విడిభాగాలు దొరకడం కష్టమైంది. మిషిగన్‌లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది కారు అడుగుని తినేస్తుంది. 2013లో ఒకరోజు ఆయన టైరు మార్చడానికి జాకీ పెట్టి ఎత్తుతుంటే, కారు లేవలేదు. జాకీ మాత్రం పైకి వెళ్ళింది. నేల చీల్చుకుని లోపలికి, పాప కూర్చునే చోట, తల పైకెత్తి చూసింది. ఆయన చాలాసేపు దాని పక్కన కూర్చుండిపోయాడు.

ఒహాయోనుంచి ఒక పెద్దాయన ట్రెయిలర్ తెచ్చుకుని వచ్చాడు. ఆయన దగ్గర అలాంటివే ఇంకా ఉన్నాయి, వాటిని బతికించడానికి దీని భాగాలు పనికొస్తాయి. కారుని ట్రెయిలర్ మీదికి ఎక్కించాక ఇద్దరు మగాళ్ళూ దాని గురించి కాకుండా వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. ట్రెయిలర్ మలుపు తిరిగాక, "చెత్త డబ్బా లోపల పెట్టాలి" అంటూ మావాడు పక్కకి వెళ్ళాడు. అది చెత్త తీసుకెళ్ళే రోజు కాదు. డబ్బా లోపలే ఉంది.

మరుసటి వేసవిలో అత్తగారు మళ్ళీ వచ్చారు. ఆకుపచ్చ కారు లేదని ముందే చెప్పాం. ఇంటికి రాగానే వ్యాగన్ చుట్టూ తిరిగి చూసి, వెనక సీటు లేపించుకుని, "ఇదేంటి, ఎడ్లబండిలో వెనక కూర్చున్నట్టుంది" అన్నారు.

ఉత్తరాన మాకినా వంతెన చూద్దామని అందరం బయల్దేరాం. పాప డిక్కీలో తన సీట్లో ఎక్కి, "నానమ్మా, యూ కమ్! నా పక్కన కూచో!" అని పట్టుబట్టింది.

"అమ్మా, అది పిల్లల సీట్" అన్నాడు మావాడు.

"నేను మాత్రం ఎంతున్నాన్రా?" అన్నారు అత్తగారు. నిజమే, బక్కపలచటి పొట్టి మనిషి. ఒక కాలు లోపల పెట్టి, చీర పైకి పట్టుకుని, మనవరాలు చెయ్యి లాగితే ఎక్కేశారు. బెల్టు పెట్టి, డిక్కీ తలుపు వేసి బయల్దేరాం.

ఫ్రీవే ఎక్కాక వెనకనుంచి ఒకటే నవ్వులు. అద్దంలో చూస్తే అత్తగారు చెయ్యి ఊపుతున్నారు. మా వెనకొచ్చిన కారులో ఆడమనిషి కూడా చెయ్యి ఊపుతోంది. దాటి వెళ్ళేటప్పుడు మళ్ళీ మావైపు తిరిగి ఊపింది. తర్వాత ఇంకో కారు లైట్లు కొట్టింది. తర్వాత ఒక పెద్ద ట్రక్కు హారన్ మోగించింది. అత్తగారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. ట్రక్కు మళ్ళీ మోగించింది.

"ఇక్కడి మనుషులు ఎంత మంచివాళ్ళే అమ్మాయ్! ఒక్కళ్ళు కూడా పలకరించకుండా పోటల్లేదు!"

"వాళ్ళు హ్యాండ్స్ కిందికి పెట్టి చూపిస్తున్నారు, నానమ్మా" అంది పాప.

"వాళ్ళ పద్ధతి అట్టా ఉంటుందేమో."

మావాడు కూడా పొంగిపోయాడు. "చూశావా? స్వీడిష్ కార్‌కి ఉన్న రెస్పెక్ట్ అది" అన్నాడు.

మొదటి రెస్ట్ ఏరియాలో ఆపి, డిక్కీ తెరవడానికి వెనక్కి వెళ్ళాను. తలుపు సందులోంచి అత్తగారి గంధం రంగు చీర కొంగు గజం పైగా బయటికి వేలాడుతోంది. ఇంటి దగ్గర తలుపు వేసినప్పుడే ఇరుక్కుంది. అంత దూరమూ కారు వెనక జెండాలా ఎగురుతూ వచ్చింది. దుమ్ముకీ, పొగకీ ఆ ముక్క పూర్తిగా నల్లబడిపోయింది. అంతమందీ మాకు చూపించింది దాన్ని.

నేను తలుపు తీసి, ఆ కొంగు ఎత్తి చూపించాను. మావాడు చూసి, కారు ముందుకి పరుగెత్తి, బానెట్ మీద తలపెట్టి మరీ నవ్వాడు.

అత్తగారు కొంగు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"అయితే ఏంటి," అన్నారు చివరికి. "వాళ్ళూ పలకరించారు, నేనూ పలకరించాను."

బాత్‌రూమ్‌కి వెళ్ళి చీర మార్చుకుని వచ్చారు. ముందు సీట్లో కూర్చోమని నేను తలుపు తీసి పట్టుకుంటే, నన్ను దాటి వెనక్కి వెళ్ళి, ఈసారి కొంగు గట్టిగా బొడ్లో దోపుకుని, మనవరాలి పక్కన ఎక్కి కూర్చున్నారు.